విరామ వేళ: ఎగువన ఎవరున్నారు?

గత సంచిక వెలువడిన తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మమ్ములను చాలాసేపు ఆలోచింపజేసింది. వ్రాసినవారు మన ప్రణాళికా విభాగంలోని ఒక యువ ఇంజనీరు. కాలనీలోని నాలుగు కుటుంబాలు కలిసి ఈ వేసవిలో ఎల్‌.టి.సి. మీద హిమాచల్‌ ప్రదేశ్‌కు వెళ్ళదలచాయట. మొత్తం పదునాలుగు మంది. వారిలో అయిదుగురు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఒకరు. సిమ్లా, మనాలీల జనసమ్మర్దం వారికి అక్కరలేదు. ఒక నది, ఒక సరస్సు, వాటికి చేరువలో గుడారమో కొయ్య ఇల్లో, అక్కడ మూడు రాత్రులు. అంతే వారి కోరిక. "నది ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది సార్‌. గుడారంలో నుంచి కాళ్ళు చాపితే నీళ్ళు తగలాలని పిల్లలు పట్టుబడుతున్నారు" అని ఉత్తరం చివర వ్రాశారు.

ముచ్చటైన కోరికే. అయితే ముప్పది ఏండ్లుగా నీటితోనే ఉద్యోగం చేస్తున్న మాకు ఆ చివరి వాక్యం దగ్గర చూపు ఆగిపోయింది. అందువల్ల ఈసారి శీర్షికను ఆ ఉత్తరానికి సమాధానంగానే వ్రాస్తున్నాము. ముందు చోటు సంగతి, తరువాత ప్రయాణం, ఆపైన ఆ చివరి వాక్యం.

మేము సూచించే చోటు కులూ జిల్లాలోని తీర్థన్‌ లోయ. సకుటుంబంగా వెళ్ళి వచ్చి, మా ఇంటివారి చేత కూడా బాగున్నదనిపించుకొన్న చోటు కనుక ధైర్యంగా చెబుతున్నాము. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గ్రేట్‌ హిమాలయన్‌ నేషనల్‌ పార్కు ఎగువ కొండలలో తీర్థన్‌ నది పుడుతుంది. గుషైని, బంజార్‌ల మీదుగా దిగి, లార్జీ వద్ద బియాస్‌లో కలుస్తుంది. సన్నని నది, చల్లని నీరు, ట్రౌట్‌ చేపలకు ప్రసిద్ధి. గాలం వేయాలనుకొనేవారు ముందుగా మత్స్యశాఖ అనుమతి పత్రం తీసుకోవాలి. గుషైని దగ్గర, ప్రక్క లోయలోని జీభీ దగ్గర గ్రామస్థులు నడిపే కొయ్య ఇళ్ళు, గుడారాల బసలు ఉన్నాయి. ఇక సరస్సు కావాలంటే 3,120 మీటర్ల ఎత్తున ఉన్న జలోరి కనుమ వరకు కారులో పోయి, అక్కడి నుండి ఓక్‌ చెట్ల అడవిలో సుమారు అయిదు కిలోమీటర్లు నడిస్తే సెరోల్‌సర్‌ వస్తుంది. నదీ, సరస్సూ ఒకే ప్రయాణంలో ఇంత దగ్గరగా దొరికే చోట్లు తక్కువ.

కాలం విషయంలో తొందరపడవద్దు. పరీక్షలు ముగిసిన మరునాడే బయలుదేరితే కనుమ మీద ఇంకా మంచు ఉండవచ్చు. మే నెల శ్రేష్ఠం. జూన్‌ నెలాఖరు నుండి సెప్టెంబరు మధ్య వరకు, అనగా వర్షాకాలమంతా, ఎవరెంత తక్కువ ధరకు గది ఇస్తామన్నా అటు పోరాదు. 2023 జూలైలో బియాస్‌ లోయలో వచ్చిన వరద రహదారులను, వంతెనలను, ఇళ్ళను కొట్టుకొనిపోయింది. సెలవు దొరకనివారికి అక్టోబరు మాసం మరొక మంచి అదను.

సికింద్రాబాదు నుండి గాని, విశాఖపట్నం నుండి గాని ఢిల్లీ వరకు రైలు. అక్కడి నుండి చండీగఢ్‌. ఆ రాత్రికి చండీగఢ్‌లో ఆగి, తెల్లవారి టాక్సీలలో బయలుదేరడం ఉత్తమం. రాత్రి బస్సులో పోతే ఒక పూట కలిసివచ్చే మాట నిజమే. కాని కొండ దారిలో చీకటి ప్రయాణం పిల్లలకు వాంతులు, పెద్దలకు భయమే మిగులుస్తుంది. పైగా మండీ దాటిన తరువాత దారి పొడవునా కనిపించేదంతా మనవంటి ఉద్యోగుల కుటుంబాలు పగటి వెలుగులో చూడదగినది.

మొదట పండోహ్‌ ఆనకట్ట వస్తుంది. 76 మీటర్ల ఎత్తున మట్టితో, రాళ్ళతో కట్టిన ఈ ఆనకట్ట 1977లో పూర్తయింది. బియాస్‌ నీటిని ఇక్కడ మళ్ళించి, కొండల క్రింద సొరంగాలలో నడిపించి, సట్లెజ్‌ ఒడ్డున 990 మెగావాట్ల దేహర్‌ విద్యుత్‌ కేంద్రానికి చేరుస్తారు. ఒక నది నీరు కొండ దాటి మరొక నదిలో పడడమంటే ఏమిటో పిల్లలకు అక్కడ కారు ఆపి చూపించండి. పుస్తకంలో చదివిన దానికంటె బాగా గుర్తుంటుంది.

మరికొంత దూరం ఎగువకు పోతే థలౌట్‌ అనే చిన్న ఊరు. అక్కడ ఆపి చూపించడానికి ఏమీ లేదు. నది ఉన్నది, నది మధ్య పెద్ద పెద్ద బండలు ఉన్నాయి. కాని తెలుగువారెవరూ ఆ ఊరి పేరు మరువరాదు.

2014 జూన్‌ 8వ తేదీ సాయంత్రం, హైదరాబాదు నుండి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్‌ విద్యార్థులు అక్కడ బస్సు దిగి, ఫోటోలు తీసుకోవడానికి నదిలోని బండల మీదికి వెళ్ళారు. అప్పటికి నీరు తక్కువగా ఉంది. కొద్ది కిలోమీటర్ల ఎగువన 126 మెగావాట్ల లార్జీ ప్రాజెక్టు ఆనకట్ట గేట్లు ఎత్తారు. నిమిషాలలో నీరు పెరిగింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట వచ్చిన యాత్రా నిర్వాహకుడు కొట్టుకొనిపోయారు. వారాల తరబడి గాలింపు సాగింది. ఆ పిల్లలు చేసిన తప్పు మన పిల్లలలో ఎవరైనా చేసేదే: ఆ క్షణాన కనిపించిన నీటినే నది అనుకొన్నారు.

మనం చూసే నీరు ఆ గంటకు మాత్రమే సంబంధించినది. ఎగువన ఆనకట్ట ఉన్నప్పుడు నది మట్టాన్ని నిర్ణయించేది వానా కాదు, ఎండా కాదు. కంట్రోల్‌ రూములో కూర్చున్న మనిషి. యంత్రం నడుస్తున్నంతసేపు నీరు టర్బైన్ల గుండా పోతుంది. లైను ట్రిప్పయినా, ఉత్పత్తి తగ్గించమని లోడ్‌ డిస్పాచ్‌ కేంద్రం నుండి ఆదేశం వచ్చినా, ఆ నీటికి వేరే దారి చూపాలి. నిల్వ చేసే చోటు తక్కువగా ఉన్న జలాశయాలలో ఆ దారి స్పిల్‌వే గేట్లే. దిగువన ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఒక్క చినుకు రాలదు, నది మాత్రం పెరుగుతుంది.

ఆ పెరుగుదలకు ఎంత బలం ఉంటుందో ఒక చిన్న లెక్క చెబుతాము. రెండు కాళ్ళ వెడల్పు కలిపి 30 సెంటీమీటర్లు, నీటి లోతు అర మీటరు అనుకొందాము. నీరు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో పోతుంటే ఆ కాళ్ళ మీద పడే త్రోపు సుమారు 17 కిలోల బరువుకు సమానం, ఓర్చుకొని నిలువవచ్చు. అదే లోతులో వేగం మూడు మీటర్లయితే త్రోపు సుమారు 70 కిలోలు. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలు. మోకాలి లోతే కదా అని పెద్దలు అనే మాటలో వేగం ప్రసక్తి లేదు. ఈత వచ్చునా రాదా అన్నది ఆ తరువాతి మాట.

ఈ సంగతులు పుస్తకాలలో చదివి వ్రాస్తున్నవి కావు. మా ఉద్యోగ జీవితపు తొలినాళ్ళలో ఒక జలవిద్యుత్‌ కేంద్రంలో షిఫ్టు ఇంజనీరుగా ఉండేవారము. ఒక అక్టోబరు సాయంత్రం, జలాశయం నిండుగా ఉన్న సమయంలో, లైను ట్రిప్పయి రెండు యంత్రాలు ఒకేసారి ఆగిపోయాయి. నీటిమట్టం పెరగసాగింది. నిబంధన ప్రకారం సైరన్‌ మ్రోగింపజేసి, రెండు గేట్లు ఎత్తించాము. సైరన్‌ మ్రోగించిన సమయం, గేట్లు ఎత్తిన సమయం లాగ్‌ పుస్తకంలో నమోదు చేసి సంతకం పెట్టాము.

గంట గడిచిన తరువాత గేటు దగ్గరి సెక్యూరిటీ వారు ఫోను చేశారు. ఎవరో మనిషి వచ్చాడు, కదలడం లేదు అని. వెళ్ళి చూస్తే నడుము వరకు తడిసిన ఒక జాలరి. చేతిలో చిన్నపిల్లల చెప్పు ఒకటి ఉంది. వెనుక చెట్టు క్రింద అతని భార్య, ఇద్దరు పిల్లలు వణుకుతూ కూర్చున్నారు. నది మధ్య ఇసుక తిన్నె మీద వలలు ఆరవేసి, వంట చేసుకొంటూ ఉండగా నీరు వచ్చింది. నలుగురూ ఒడ్డున పడ్డారు. వలలు, గిన్నెలు పోయాయి. అతడు డబ్బు అడుగుతాడేమోననుకొన్నాము. అడగలేదు.

"అయ్యా, మీ కూత మేము రోజూ వింటాము. పొద్దున కూస్తుంది, మాపటేళ కూస్తుంది, మీవాళ్ళు డ్యూటీ దిగుతారు. ఇయ్యాల కూసింది నీళ్ళ కూత అని మాకెవరు చెప్పారు?" అన్నాడు.

మా వద్ద సమాధానం లేదు. షిఫ్టు మారేటప్పుడు మ్రోగేది కూడా ఆ సైరనే. లాగ్‌ పుస్తకంలో మేము వ్రాసినదంతా సత్యమే. నిబంధనలో ఒక్క అక్షరం తప్పలేదు. అయినా నలుగురు మనుషులు అదృష్టవశాన బ్రతికారే తప్ప మా వల్ల కాదు. తరువాత మేము పైవారికి వ్రాయగా, నీటి సైరన్‌కు వేరే మ్రోత ఏర్పాటయింది. దిగువ గ్రామాలలో దండోరా వేయించారు. కాని ఆ పని జరగడానికి ఒక జాలరి తన వలలు పోగొట్టుకొని మా గేటు ముందుకు రావలసివచ్చింది. ఆనాటి నుండి ఏ నది ఒడ్డున నిలబడినా, ఎగువన షిఫ్టులో ఎవరున్నారో, వారు దిగువన ఉన్న మనలను ఎరుగుదురో లేదో అన్న ఆలోచన రాకుండా ఉండదు.

కనుక బస నిర్ణయించుకొనే ముందు అక్కడివారిని ఫోనులో అయిదు ప్రశ్నలు అడగమని మా సలహా.

మొదటిది: నది ఎంత దూరంలో ఉందని కాదు, బస నీటి మట్టానికి ఎంత ఎత్తున ఉందని అడగండి. దూరం వరదను ఆపదు, ఎత్తు ఆపుతుంది.

రెండవది: 2023 వరదలో నీరు ఎక్కడి వరకు వచ్చింది? అక్కడివారికి ఈ ప్రశ్నకు సమాధానం తప్పక తెలిసి ఉంటుంది. వెళ్ళిన తరువాత మీరు కూడా చూడండి. పొదల కొమ్మలకు చిక్కుకొన్న ఎండు గడ్డి, గోడల మీది బురద చార, నాచు పట్టని తెల్లని గులకరాళ్ళు నది వ్రాసి పెట్టిన లాగ్‌ పుస్తకమే. ఆ గుర్తు కంటె కనీసం రెండు నిలువుల ఎత్తున లేని గుడారంలో పిల్లలను పడుకోబెట్టవద్దు.

మూడవది: ఎగువన ఆనకట్ట ఉందా? ఉంటే సైరన్‌ మ్రోత ఎట్లా ఉంటుంది? మేము తీర్థన్‌ను ఎంచుకొనడానికి ఒక కారణం ఇదే. ప్రక్క లోయలోని సైంజ్‌ నది మీద, దిగువ బియాస్‌ మీద పెద్ద విద్యుత్‌ కేంద్రాలు ఉన్నాయి. తీర్థన్‌ మీద పెద్ద ఆనకట్ట లేదు. అంతమాత్రాన ఆ నదిని పూర్తిగా నమ్మవచ్చునని కాదు. మంచు కరిగిన నీరు సాయంత్రానికి పెరుగుతుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. ఎగువన ఎక్కడో కురిసిన వాన మనకు తెలియదు.

నాలుగవది: చీకటిలో పైకి పోయే దారి ఏది? ఆ లోయలో కొన్ని బసలకు నది దాటి, సన్నని వంతెన మీదుగా పోవాలి. వంతెన ఒక్కటే దారి అయితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకు ఆ బస పనికిరాదు. చేరిన సాయంత్రమే, వెలుగు ఉండగా, అందరూ ఒకసారి ఆ పై దారిన నడిచి రండి.

అయిదవది: గది వెచ్చగా ఉండడానికి ఏమి వాడతారు? ఇది నీటికి సంబంధించినది కాదు, కాని ప్రాణానికి సంబంధించినదే. బొగ్గుల కుంపటిని గుడారంలో గాని, తలుపులు మూసిన గదిలో గాని రాత్రి ఉంచుకోరాదు. దాని నుండి వెలువడే కార్బన్‌ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాసు గీజరుకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. చలికి మందపాటి రజాయిలు అడగండి. గుడారంలో అయితే క్రింద ఒత్తుగా పరుపు వేయించండి. పైనుండి వచ్చే చలి కంటె నేల లాగివేసే వెచ్చదనమే ఎక్కువ.

చేరిన తరువాత పిల్లలకు ఒక పని అప్పగించండి. నీటి అంచున ఒక కర్ర పాతి, దాని మీద గీతలు గీసి, రెండు గంటలకు ఒకసారి ఒడ్డు మీద నుండే చూసి మట్టం పుస్తకంలో వ్రాయమనండి. మా పిల్లలు మూడు రోజులు వ్రాసిన ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆటగా మొదలైనది అలవాటవుతుంది. నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకొని వచ్చినా, నది చప్పుడు పెరిగినా సామాను వదిలి పైకి నడవాలని వారికి ముందే చెప్పండి. నీరు కారణం లేకుండా హఠాత్తుగా తగ్గినా అంతే. ఎగువన కొండచరియ పడి నదికి అడ్డుకట్ట వేసి ఉండవచ్చు. ఆ కట్ట తెగినప్పుడు వచ్చే నీటిని ఎవరూ లెక్కగట్టలేరు.

బస ఎక్కడ ఉండాలన్నదానికి ఆ లోయలోని పాత ఊళ్ళే సమాధానం చెబుతాయి. తలయెత్తి చూడండి. పాత ఇళ్ళు కొండ వాలు మీద, పొలాల నడుమ ఉంటాయి. నది అంచున ఉన్నవి చాలావరకు మనవంటి యాత్రికుల కొరకు క్రొత్తగా వెలసినవి. తరతరాలుగా ఆ నీటి ప్రక్కన బ్రతికినవారు దానికి ఎంత చోటు విడిచిపెట్టారో అక్కడ కనిపిస్తుంది. బంజార్‌ దగ్గర చైనీ కోఠీ అనే ఎత్తయిన బురుజు ఉంది. దేవదారు దూలాలు, రాళ్ళు వరుస తప్పకుండా పేర్చి కట్టినది. 1905 నాటి కాంగ్రా భూకంపంలో పై అంతస్తులు కొన్ని పడిపోయినా మిగిలినది నేటికీ నిలిచి ఉంది. సివిల్‌ విభాగం మిత్రులు తప్పక చూడవలసిన కట్టడం.

మూడవ నాడు సరస్సు. ఉదయమే బయలుదేరి, జలోరి కనుమ వద్ద అరగంట ఆగి, నెమ్మదిగా నడవండి. ఆ ఎత్తున కొందరికి తలనొప్పి, ఆయాసం రావచ్చు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు బయలుదేరే ముందే వైద్యుని సలహా తీసుకోవాలి. పెద్దావిడను కనుమ దగ్గరి టీ దుకాణంలో ఎండకు కూర్చోబెట్టి, ఒకరు తోడుగా ఉండడం మంచిది. అంత ఎత్తున నీరు సుమారు 90 డిగ్రీలకే మరుగుతుంది. కనుక మామూలు గిన్నెలో వండిన అన్నం పలుకుగా ఉంటుంది. వెంట తీసుకువెళ్ళిన ఆవకాయను తప్పు పట్టవద్దు. వండుకోదలచినవారికి ప్రెషర్‌ కుక్కరు తప్పనిసరి.

సెరోల్‌సర్‌ చిన్న సరస్సు. ఒడ్డున బూఢీ నాగిన్‌ దేవి ఆలయం ఉంది. నీటి మీద ఆకు పడితే ఒక చిన్న పిట్ట వచ్చి ఏరి పారవేస్తుందని అక్కడివారు చెబుతారు. నిజంగానే నీరు అద్దంలా ఉంటుంది. అక్కడ కాళ్ళు కడగవద్దు, కాగితాలు పారవేయవద్దు, గుడారం వేయాలన్న ఆలోచన కూడా వద్దు. ఒక గంట కూర్చొని చీకటి పడక ముందే తిరిగి రండి. పిట్ట చేసే పనిని మనం చెడగొట్టకుండా ఉంటే చాలు.

ఇక ఉత్తరం వ్రాసిన మిత్రునికి: గుడారంలో నుంచి కాళ్ళు చాపితే నీళ్ళు తగిలే బస తీసుకోవద్దు. నది చప్పుడు వినిపించే బస తీసుకోండి. పడుకొన్నప్పుడు ఆ చప్పుడు చాలు. పగటి పూట, పెద్దలు ఒకరు దిగువన నిలబడి ఉండగా, లోతులేని మడుగులో పిల్లలు తృప్తిగా కాళ్ళు తడుపుకోవచ్చు.

కేంద్రాలలో షిఫ్టులు చేస్తున్న సహోద్యోగులకు మరొక మనవి. మన గేటుకు దిగువన కూడా ఎవరో ఒకరు వంట చేసుకొంటూ ఉంటారు, ఎవరి పిల్లలో ఫోటోలు తీసుకొంటూ ఉంటారు. ఈ వారం ఒక సాయంత్రం, డ్యూటీ దిగిన తరువాత, నది వెంట రెండు కిలోమీటర్లు నడిచి రండి. హెచ్చరిక బోర్డు ఉన్నదా, ఉంటే అక్కడివారి భాషలో ఉన్నదా, చదువురానివారికి బొమ్మ ఉన్నదా చూడండి. ఎదురైన వారిని ఆపి, మన సైరన్‌ ఎందుకు మ్రోగుతుందో తెలుసునా అని అడగండి. వారు చెప్పిన సమాధానం మాకు వ్రాసి పంపితే ఇదే శీర్షికలో సంతోషంగా ప్రచురిస్తాము.

ప్రయాణం సుఖంగా సాగాలని, నాలుగు కుటుంబాలూ క్షేమంగా తిరిగి రావాలని కోరుకొంటున్నాము. పిల్లలు వ్రాసిన నీటిమట్టాల పట్టిక చూపించడం మరువవద్దు.